డేకేర్ ఖర్చుల మినహాయింపు: మావారి పేరునా, నా పేరునా?

ప్రశ్న: మేం కెనడాలో, బ్రాంప్టన్‌లో ఉంటాం. మావారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, జీతం 92,000 డాలర్లు. నేను ఫార్మసీలో పార్ట్‌టైమ్ చేస్తాను, 22,000 వస్తాయి. ఇంట్లో పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాను, ఖర్చులు పోను ఇంకో 5,000 మిగులుతాయి. బాబుకు మూడేళ్లు, పాపకు తొమ్మిదేళ్లు. 2025లో బాబు డేకేర్‌కు 5,400, పాప ఆఫ్టర్ స్కూల్‌కు 2,600, వేసవిలో డే క్యాంప్‌కు 1,200 కట్టాం. వీటికి రసీదులున్నాయి. స్కూలు సెలవు రోజుల్లో పక్క వీధి ఆంటీ దగ్గర పిల్లల్ని వదిలి, ఆవిడకు నగదుగా 1,400 ఇచ్చాం. దానికి రసీదు లేదు. పాప భరతనాట్యం క్లాసులకు 900 అయ్యాయి. సూపర్ వీసా మీద వచ్చిన మా అత్తగారు సాయంత్రాలు పిల్లల్ని చూసుకుంటారు, ఆవిడ చేతికి నెలకు 300 ఇస్తున్నాం. ఇవన్నీ కలిపి మావారి రిటర్న్‌లో వేస్తే రీఫండ్ ఎక్కువ వస్తుందని స్నేహితులు చెప్పారు. 2024కి అలాగే వేశాం కూడా. అమెరికాలో ఉన్న మా ఆడపడుచేమో ఎవరి పేరున వేసినా ఒకటే అంటుంది. నా ట్యూషన్ బిజినెస్ ఖర్చుగా డేకేర్ ఫీజు చూపించుకోవచ్చా? ఈ సెప్టెంబర్ నుంచి కాలేజీలో ఫుల్‌టైమ్ కోర్సు చేద్దామనుకుంటున్నాను, అప్పుడేమైనా మారుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు అసలు ప్రశ్నకే వస్తాను. ఈ మినహాయింపు మీ పేరునే వేయాలి. ఎవరి రిటర్న్‌లో వేస్తే లాభమో చూసుకుని ఎంచుకునే వీలు కెనడాలో లేదు. దంపతులు కలిసి ఉంటున్నప్పుడు, ఇద్దరిలో నికర ఆదాయం ఎవరిది తక్కువో వాళ్లే క్లెయిమ్ చేయాలన్నది నియమం. ఈ నియమం వర్తించని సందర్భాలు కొన్ని ఉన్నాయి, అందులో ఒకటి మీ కోర్సుకు సంబంధించింది, దాని గురించి చివర్లో చెబుతాను. మీ ఆడపడుచు చెప్పింది ఆవిడ ఉన్న దేశానికి సరిపోతుంది. అమెరికాలో భార్యాభర్తలు ఎక్కువగా ఒకే రిటర్న్ కలిపి వేస్తారు, అక్కడ పిల్లల సంరక్షణకు దొరికేది ట్యాక్స్ క్రెడిట్, అంటే పన్నులోంచే తగ్గింపు. మనకు ఇక్కడ ఎవరి రిటర్న్ వాళ్లది, దొరికేది ఆదాయంలోంచి తగ్గింపు. సరిహద్దు దాటి వచ్చే పన్ను సలహాలు వినడానికి బాగానే ఉంటాయి గానీ, రిటర్న్‌లో మాత్రం ఎక్కించకండి.

తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకే ఎందుకు అంటే, చట్టం వెనకున్న ఆలోచన ఇది: ఇద్దరిలో ఒకరు ఇంట్లోనే ఉంటే డేకేర్ అవసరం ఉండదు, కాబట్టి రెండో మనిషి సంపాదించడానికి బయటికి వెళ్లినందువల్ల పడిన ఖర్చే ఇది, దాన్ని ఆ మనిషి ఆదాయంలోంచే తీయాలి. ఈ లెక్కలో ‘రెండో మనిషి’ చాలా ఇళ్లలో భార్యే అవుతుంది. పిల్లలు ఇద్దరి పిల్లలైనప్పుడు ఖర్చు మాత్రం ఆమె ఖాతాలో రాయడం నాకూ నచ్చదు. కానీ నచ్చకపోయినా రిటర్న్ ఈ నియమం ప్రకారమే వేయాలి.

ఇక మీ అంకెలు చూద్దాం. టి778 అనే ఫారంలో మూడు మొత్తాలు పోల్చి, వాటిలో ఏది తక్కువైతే అది ఇస్తారు. మొదటిది మీరు నిజంగా కట్టిన, చెల్లుబాటయ్యే ఖర్చు. రెండోది పిల్లల వయసును బట్టి ఉండే పరిమితి: ఏడాది చివరికి ఏడేళ్లు నిండని బిడ్డకు 8,000 డాలర్లు, ఏడు నుంచి పదహారు మధ్య ఉంటే 5,000. వైకల్యం వల్ల డిజేబిలిటీ ట్యాక్స్ క్రెడిట్‌కు అర్హత ఉన్న బిడ్డకైతే 11,000. మీకు 8,000, 5,000 కలిపి 13,000. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ పరిమితిని పిల్లలందరికీ కలిపే చూస్తారు. బాబు డేకేర్‌కే 9,500 అయి, పాపకు 2,000 మాత్రమే అయిందనుకోండి, మొత్తం 11,500 కూడా 13,000 లోపే కాబట్టి అంతా చెల్లుతుంది. ఒక్కో బిడ్డకు విడిగా కోత పెట్టుకోనక్కర్లేదు.

మూడోది మీరు సంపాదించిన ఆదాయంలో మూడింట రెండు వంతులు. ఇందులో ఫార్మసీ జీతం, ట్యూషన్‌లో మిగిలిన నికర ఆదాయం రెండూ వస్తాయి. 27,000కు 18,000. మీకు ఇది అడ్డు కాదు. అడ్డయ్యేది ఎవరికంటే, మెటర్నిటీ సెలవులో ఉన్నవాళ్లకు. ఈఐ, అంటే ప్రభుత్వ ఉపాధి బీమా కింద వచ్చే డబ్బు నికర ఆదాయంలో లెక్కకొస్తుంది కానీ, ఈ మూడింట రెండు వంతుల లెక్కకు మాత్రం సంపాదనగా పనికిరాదు. ఏడాదంతా ఈఐ మీదే ఉన్న తల్లికి పెద్ద బిడ్డ డేకేర్ మీద మినహాయింపు సున్నా అవుతుంది. ఆమె ఆదాయమే తక్కువ కాబట్టి భర్తకూ రాదు. మీ స్నేహితుల్లో ఎవరైనా ఆ పరిస్థితిలో ఉంటే ముందే చెప్పండి, ఏప్రిల్‌లో రిటర్న్ వేసేటప్పుడు తెలిసి కంగారు పడకుండా ఉంటారు.

చెల్లుబాటయ్యే ఖర్చు దగ్గరికి వద్దాం. డేకేర్, ఆఫ్టర్ స్కూల్ రెండూ సరే. మీరు చేతినుంచి కట్టింది మాత్రమే వేయాలి. ప్రభుత్వ సబ్సిడీతో తగ్గిన ఫీజు మీరు కట్టింది కాదు. పాత రేటు గుర్తుపెట్టుకుని అది వేసేవాళ్లున్నారు, రసీదు అడిగితే దొరికిపోతారు. డే క్యాంప్ కూడా చెల్లుతుంది, క్యాంప్ ప్రధాన ఉద్దేశం పిల్లల్ని చూసుకోవడం అయితే. అక్కడ ఈతా ఆటలూ నేర్పించినా ఫర్వాలేదు. రాత్రులు కూడా అక్కడే ఉండే క్యాంప్ అయితే వారానికి పరిమితి ఉంటుంది, పాప వయసుకు 125 డాలర్లు, బాబు వయసుకు 200. భరతనాట్యం మాత్రం రాదు. పాప క్లాసులో ఉన్న ఆ గంటలో మీరు ఫార్మసీలో పనిచేస్తున్నా సరే, అది కళ నేర్చుకోవడానికి కట్టిన ఫీజు. టెన్నిస్ పాఠాలు, స్కౌట్స్ సభ్యత్వం లాంటివీ ఇంతే. స్కూలు ఫీజు, బట్టలు, బస్సు ఛార్జీలు, మందులు ఇందులోకి రావు.

ఆంటీకి ఇచ్చిన 1,400 సంగతి. పక్కింటావిడకో, బంధువుకో డబ్బిచ్చి పిల్లల్ని చూపించుకున్నా మినహాయింపుకు అర్హతే, కాకపోతే ఆవిడకు 18 ఏళ్లు నిండి ఉండాలన్న నియమం బంధువుల విషయంలో ఉంది. బిడ్డకు తల్లో తండ్రో అయినవాళ్లకు, మీ జీవిత భాగస్వామికి ఇచ్చింది చెల్లదు. ఆంటీ బంధువు కాదు, పెద్దావిడ, అర్హతకు ఏ అడ్డూ లేదు. అడ్డల్లా రసీదే. వ్యక్తులు ఇచ్చే రసీదు మీద వాళ్ల పేరు, చిరునామాతో పాటు సోషల్ ఇన్సూరెన్స్ నంబరు, అదే సిన్ ఉండాలి. ఇ-ట్రాన్స్‌ఫర్ చేసినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ ఉన్నా అది రసీదు కాదు, నగదుకైతే ఆ ఆధారమూ లేదు. ఇప్పుడైనా ఆవిడ రసీదు రాసిస్తే తీసుకోండి. సేవ చేసింది 2025లోనే కాబట్టి ఇబ్బంది లేదు. ఇవ్వనంటే ఆ 1,400 వదిలేయండి.

ఆవిడ వెనకాడుతుందంటే కారణం ఊహించడం కష్టం కాదు. రసీదిస్తే ఆ డబ్బు తన ఆదాయంగా చూపాలి. దీన్ని ముఖం మీద అడిగి స్నేహం చెడగొట్టుకోవద్దు. వచ్చే సంవత్సరం మొదట్లోనే, పిల్లల్ని పంపేముందు, "ఆంటీ, మాకు టాక్స్‌కు రసీదు కావాలి, దానికి తగ్గట్టు రేటు చెప్పండి" అని మాట్లాడుకోండి. తన ఇంట్లో చూసుకుంటున్నందుకు ఆవిడ కూడా పిల్లలకు పెట్టే తిండి, బొమ్మలు, ఇంటి ఖర్చులో కొంత వాటా తన ఆదాయంలోంచి తీసేసుకోవచ్చని చెప్పండి. ఆ ముక్క వింటే చాలామంది మెత్తబడతారు. డిసెంబరులో అడిగే రసీదు కంటే జనవరిలో అడిగేది తేలిగ్గా వస్తుంది.

మీ అత్తగారి విషయంలో మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. అమ్మమ్మ, నానమ్మలకు డబ్బిచ్చి క్లెయిమ్ చేయడం తప్పు కాదు. ఆవిడ పర్మనెంట్ రెసిడెంటో సిటిజనో అయి, సిన్‌తో రసీదిచ్చి, ఏడాదికి 3,600 తన రిటర్న్‌లో ఆదాయంగా చూపితే మీరు నిక్షేపంగా వేసుకోవచ్చు. మీ అత్తగారు సూపర్ వీసా మీద ఉన్నారు. అది సందర్శకుల వీసానే, ఎన్నేళ్లు ఉండనిచ్చినా పనిచేసే అనుమతి దాంతో రాదు. అందువల్ల సిన్ ఉండదు, సిన్ లేకపోతే రసీదు ఉండదు. ఇంతటితో ఆగితే 3,600 మీద మినహాయింపు పోయింది, అంతే. కానీ ఆవిడకు పిల్లల్ని చూసుకున్నందుకు జీతమిచ్చామని మీ చేత్తో మీరే ఒక ప్రభుత్వ ఫారంలో రాయడం అంటే, ఆవిడ అనుమతి లేకుండా పనిచేశారని మీరే రాసిచ్చినట్టు. రేపు వీసా పొడిగింపుకో, పీఆర్ స్పాన్సర్‌షిప్‌కో పెట్టుకున్నప్పుడు ఆ కాగితం ఆవిడకు మేలు చేయదు. మీరు ఇస్తున్నది అత్తగారికి చేతిఖర్చుకు ఇచ్చే డబ్బు. నెలనెలా ఇస్తూనే ఉండండి, రిటర్న్‌లో దాని ప్రస్తావన తేకండి.

ఇలాంటిదే ఇంకొకటి, మీరు అడగకపోయినా చెబుతున్నాను. సెలవులకు ఇండియా వెళ్లినప్పుడు అక్కడ క్రెష్‌లోనో ఆయాకో కట్టిన డబ్బు కూడా రాదు. సంరక్షణ కెనడాలో, కెనడా నివాసి చేతిమీదుగా జరగాలి. సరిహద్దు దాటి ఉద్యోగానికి వెళ్లివచ్చే కుటుంబాల లాంటి కొద్దిమందికే దీంట్లో వెసులుబాటు.

కాబట్టి ఇప్పటికి మీ దగ్గరున్న కాగితాలతో చెల్లేది 5,400, 2,600, 1,200 కలిపి 9,200. మూడు మొత్తాల్లో ఇదే తక్కువ, ఇదే మీ మినహాయింపు. మీ రిటర్న్‌లో 21400 లైను దగ్గర వేయాలి. నికర ఆదాయం 27,000 నుంచి 17,800కు దిగుతుంది.

మావారి రిటర్న్‌లో వేస్తే సుమారు 30 శాతం స్లాబు, 2,700 డాలర్ల దాకా వచ్చేవి అని మీరు లెక్కవేసుకుని ఉంటారు. నిజమే, మీ రిటర్న్‌లో అంత తగ్గదు. కానీ మీ స్నేహితులు చెప్పని భాగం ఒకటుంది. పిల్లల కోసం ప్రభుత్వం నెలనెలా ఇచ్చే కెనడా చైల్డ్ బెనిఫిట్‌ను ఇద్దరి నికర ఆదాయం కలిపి లెక్కగడతారు. ఎవరి రిటర్న్‌లో తగ్గినా కుటుంబ ఆదాయం 9,200 తగ్గినట్టే. ఇద్దరు పిల్లలుండి మీ స్థాయి ఆదాయం ఉన్న కుటుంబానికి ఆ బెనిఫిట్‌లో కోత ప్రతి అదనపు డాలర్ మీదా 5.7 శాతం ఉంటుంది. అంటే 9,200 తగ్గితే 2026 జులై నుంచి 2027 జూన్ వరకు ఏడాదికి సుమారు 520 డాలర్లు ఎక్కువొస్తాయి. ఇది ట్యాక్స్ రీఫండ్‌లో కనబడదు కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మీరు అంటారియోలో ఉన్నారు కాబట్టి ఇంకోటి కూడా ఉంది. కేర్ ట్యాక్స్ క్రెడిట్ అని ప్రావిన్సు 2019 నుంచి ఇస్తోంది. పైన చెప్పిన మినహాయింపు తీసుకుంటూనే దానికి అదనంగా తీసుకోవచ్చు. ఏడేళ్ల లోపు బిడ్డకు గరిష్ఠంగా 6,000, ఏడు నుంచి పదహారు మధ్య బిడ్డకు 3,750 వరకు. ఖర్చులో ఎంత శాతం ఇస్తారన్నది కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది, 20,000 లోపు ఆదాయానికి 75 శాతంతో మొదలై తగ్గుతూ తగ్గుతూ లక్షన్నర డాలర్లు దాటితే సున్నా అవుతుంది. మీరు ఆ గీత లోపలే ఉన్నారు. కట్టాల్సిన పన్ను లేకపోయినా డబ్బు చేతికొస్తుంది. ఈ క్రెడిట్ కూడా ఫెడరల్ మినహాయింపు ఎవరికి చెందుతుందో వాళ్లే అడగాలి. అంటే టి778 తప్పు మనిషి పేరున వేస్తే, ప్రావిన్సు క్రెడిట్ కూడా తప్పు మనిషి పేరునే పడుతుంది, కెనడా పన్నుల శాఖ సీఆర్ఏ తేల్చినప్పుడు రెండూ కలిసి వెనక్కి పోతాయి. క్విబెక్‌లో ఉన్నవాళ్లకు ఈ ప్రావిన్సు భాగం వేరేగా ఉంటుంది, వాళ్లు ఇది చదివి పోల్చుకోవద్దు.

ట్యూషన్ బిజినెస్ ఖర్చుగా చూపించే ఆలోచన గురించి. మీ కంటే ముందు దీనికోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లినావిడ ఉన్నారు. ఎలిజబెత్ సైమ్స్ అని టొరంటో లాయరు, ఒక లా ఫర్మ్‌లో భాగస్వామి. పిల్లల్ని చూసుకునే ఆయాకు 1982 నుంచి 1985 దాకా ఇచ్చిన జీతాన్ని వృత్తి ఖర్చుగా చూపించారు. ఆయా లేనిదే తాను ఆఫీసుకు రాలేనని వాదన. 1993లో సుప్రీంకోర్టు కుదరదంది. పిల్లల సంరక్షణ ఖర్చుకు చట్టంలో ప్రత్యేకంగా 63వ సెక్షన్ ఉంది, ఆ దారిలోనే రావాలి తప్ప బిజినెస్ ఖర్చుగా కాదని. తొమ్మిది మంది న్యాయమూర్తుల్లో ఏడుగురు అలా అన్నారు. ఒప్పుకోని ఇద్దరూ ఆ బెంచిలో ఉన్న ఇద్దరు మహిళలే. ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు ఆ ఇద్దరి వైపే మొగ్గు. అయినా మీ విషయంలో తేడా ఏమీ లేదు, డేకేర్ ఫీజు మీ ట్యూషన్ ఖర్చుల్లో వేయకండి.

ట్యూషన్ ఆదాయం ఉన్నందువల్ల మీకు కలిసొచ్చేదల్లా గడువు. సొంత వ్యాపారం ఉన్నవాళ్లకు, వాళ్ల భాగస్వామికి రిటర్న్ వేయడానికి జూన్ 15 దాకా సమయం ఉంది. కట్టాల్సిన పన్ను ఉంటే మాత్రం అది ఏప్రిల్ 30కే కట్టాలి, లేదంటే వడ్డీ మొదలవుతుంది.

2024 సంగతి. మీ వారి రిటర్న్‌లో వేసింది సరిదిద్దండి, సీఆర్ఏ నుంచి ఉత్తరం వచ్చేదాకా ఆగకండి. ఇద్దరి రిటర్న్‌లూ మార్చాలి. ఆయన సీఆర్ఏ ఆన్‌లైన్ ఖాతా మై అకౌంట్‌లోకి వెళ్లి రిటర్న్ మార్చే చోట ఆ మినహాయింపు తీసేయాలి, మీ దాంట్లో మీరు చేర్చాలి. ఆన్‌లైన్ కుదరకపోతే టి1-ఏడీజే ఫారం పంపొచ్చు. గత పదేళ్ల దాకా రిటర్న్‌లు ఇలా మార్చుకునే వీలుంది. ఆయనకు వెనక్కి కట్టాల్సింది వస్తుంది, దాని మీద వడ్డీ రోజురోజుకూ పెరుగుతుంది, అందుకే ఈ వారమే చేయమంటున్నాను. మీకు కొంత రీఫండ్ వస్తుంది, పైగా 2024 మినహాయింపులో నాట్యం, నానమ్మ, ఆంటీ డబ్బు కూడా కలిపి ఉంటే ఇప్పుడే తీసేయండి. మొత్తం సరైన అంకెతో ఒకేసారి మార్చడం మంచిది. రసీదులు రిటర్న్‌తో పంపనక్కర్లేదు, ఆరేళ్లు దాచుకోవాలి. ఈ మినహాయింపు వేసినవాళ్లకు ‘రసీదులు చూపండి’ అని ఉత్తరాలు రావడం మామూలే, వస్తే భయపడకండి, గడువులోగా పంపితే సరిపోతుంది. ఒక కవరులో డేకేర్, క్యాంపు, ఆఫ్టర్ స్కూల్ మూడింటివీ పిల్లల పేర్లు, తేదీలతో సహా పెట్టి ఉంచండి.

ఇక మీ కోర్సు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లే వేయాలన్న నియమం వర్తించని సందర్భం ఉందని పైన చెప్పానే, అది ఇదే. తక్కువ ఆదాయం ఉన్న భాగస్వామి చదువుకుంటున్న వారాల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్లు క్లెయిమ్ చేయొచ్చు. అనారోగ్యం వల్ల పిల్లల్ని చూసుకోలేని స్థితి ఉండి డాక్టర్ సర్టిఫికెట్ ఇచ్చినా, విడిపోయి కనీసం 90 రోజులు వేరుగా ఉన్నా కూడా ఇలాంటి వీలే ఉంది. ఫుల్‌టైమ్ అంటే కోర్సు కనీసం మూడు వారాలు వరసగా ఉండి, వారానికి పది గంటలకు తగ్గకుండా దానిమీద పనిచేయాలి. అలాంటి ప్రతి వారానికి మీవారు బాబుకు 200, పాపకు 125 చొప్పున, అంటే 325 వరకు వేసుకోవచ్చు. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా 16 వారాలు చదివితే గరిష్ఠంగా 5,200, ఆయన స్లాబులో. మిగిలిన ఖర్చు మీ రిటర్న్‌లో మీరు వేసుకుంటారు. పార్ట్‌టైమ్‌గా చేరితే అదే 200, 125 వారానికి కాక నెలకు లెక్కిస్తారు, దాంతో నాలుగు నెలలకు 1,300కు పడిపోతుంది. ఫుల్‌టైమా, పార్ట్‌టైమా అని ఇంకా ఆలోచిస్తుంటే ఈ తేడా కూడా పక్కన రాసుకోండి. ఇది 2026 రిటర్న్‌లోకి వస్తుంది. కాలేజీ ఏడాది చివర్లో ఇచ్చే టి2202లో ఏ నెలలు ఫుల్‌టైమ్ చదివారో ఉంటుంది, అదీ ఆ కవరులోనే పెట్టండి.